బొమ్మలోని కాలవ

తిరువూరులో మేమంతా కలిసుండే ఇంట్లో, మా పెద్దమావగారి ముందుగదిలో గోడకి ఒక ఎచ్చింగు ఉండేది. రాగిరేకు మీద గీతలు గీసి అచ్చు తీసిన బొమ్మ. కదలని కాలవ, ఒడ్డున ఒక పడవ, రేవు మెట్ల మీద బిందెతో ఒక ఆడమనిషి. బొమ్మ మంచిదే, కాదనను. ఆయన దాన్ని మెచ్చుకునే పద్ధతే నాకు వెగటు. ఎవరొచ్చినా దాని ముందు నిలబెట్టి, పెదవుల మీద వేలు పెట్టుకుని, "ష్... ఆ నీళ్ళ నిశ్శబ్దం వినండి" అనేవారు. తర్వాత నశ్యం అంటిన అదే వేలు అద్దానికి ఆనించి, పడిన మరకని ఉమ్మితో తుడిచేవారు.

డెబ్భైల్లో ఒక ఎండాకాలం వీధి బావులన్నీ ఎండిపోయాయి. పేట ఆడవాళ్ళు మా దొడ్లో బోరు మోటారు దగ్గర బిందెలతో నిలబడ్డారు. ఇంతలో ఎవరో లెక్చరరు బొమ్మ చూడ్డానికి వచ్చాడు. ఆ చప్పుడులో బొమ్మ వినపడదని మావగారు మోటారు కట్టేయించారు.

జట్కా సాయిబు భార్య కిటికీ దగ్గరకొచ్చింది. "అయ్యగారూ, ఆ పటంలో నీళ్ళు బిందెలోకి వస్తాయంటే చెప్పండి, ఇక్కడే వరస కడతాం."

ఆయన తల తిప్పలేదు. "ఆ బిందె మనిషిని చూడండి సార్. ఆవిడ లేకపోతే బొమ్మలో ప్రాణమే లేదు."

"ఆ ప్రాణాలే బయట ఎండలో నిలబడ్డాయి మావయ్యగారూ," అన్నాను.

ఆయన వెళ్ళి కిటికీ రెక్కలు మూశారు.

నేను దొడ్లోకి వెళ్ళి మోటారు వేశాను. లోపల్నుంచి "ష్" అని వినిపించింది. చివరి బిందె నిండేదాకా స్విచ్చి మీంచి చెయ్యి తియ్యలేదు.