ఐస్ ఫ్యాక్టరీలో వణుకు

మా మామయ్యకు భయం. దేనికి అని అడిగితే చెప్పడం కష్టం. దేనికి భయం లేదు అని అడిగితే కాస్త సులువు, ఎందుకంటే అలాంటిదేదీ ఇంతవరకూ మా కంటపడలేదు.

అలాంటి మనిషి, మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీని అద్దెకు తీసుకుని నాటకశాల పెట్టాడు. ఐస్ దిమ్మలు గడ్డకట్టించిన గది వేదిక అయింది. అమ్మోనియా గొట్టాలు ఎప్పుడో పీకేసినా, ఆ గ్యాసు ఇంకా ఉందేమోనని రోజూ వచ్చి గోడలు వాసన చూసేవాడు. రేకుల కప్పు ఎక్కడ మీద పడుతుందోనని నెత్తికి చెయ్యి అడ్డం పెట్టుకుని రిహార్సల్ చేయించేవాడు. కత్తియుద్ధం ఉన్న నాటకంలో అట్టకత్తులకు కూడా గుడ్డ చుట్టించాడు. రెండు దిండ్లు కొట్టుకుంటున్నట్టుందని, అందులో వేషం కట్టిన మా వడ్రంగి అన్నాడు.

మందుల షాపులో పనిచేసుకునే నన్ను లాక్కొచ్చి జడ్జి వేషం ఇచ్చాడు. మొదటి ప్రదర్శన రోజు తెర సందులోంచి నిండిన కుర్చీలు చూసేసరికి నా మాటలన్నీ ఎగిరిపోయాయి. తీర్పులో మొదటి మాట కూడా గుర్తులేదు. వెనకనుంచి జారుకుందామనుకుంటుంటే మామయ్య ఎదురొచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఒరేయ్, నా గుండె ఆగిపోయేట్టుంది. కాస్త నాడి చూడరా."

చూశాను. పరుగులు పెడుతోంది. కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, ఏమీ కాదని ధైర్యం చెబుతుండగానే గంట మోగింది. పాపం ఆయన కోసమన్నా సరిగా చెయ్యాలి అనుకుంటూ వేదిక ఎక్కాను. మాటలు వాటంతట అవే వచ్చాయి.

ఆట అయ్యాక, నేనే లేకపోతే మామయ్య ఏమైపోయేవాడో అని హీరోయిన్ వేషం వేసిన టైలరమ్మ దగ్గర గొప్పలు పోయాను. ఆవిడ నవ్వాపుకోలేక, నాడి తనచేత కూడా చూపించుకున్నాడని చెప్పింది. వడ్రంగి ఆయన వీపు నిమిరాడట. కొత్తగా వేషం కట్టిన ప్రతివాళ్ళ దగ్గరా మామయ్య గుండె ఆగబోతుందట. మా భయం పోగొట్టడానికి ఆయన ఆడే నాటకమని తేల్చుకున్నాం.

వానాకాలంలో ఒక సాయంత్రం, ఆట సగంలో ఉండగా గాలి లేచింది. కప్పు మీద ఒక రేకు పెళపెళమంటూ ఎగిరిపోయింది. ఆ వెంటనే కరెంటు పోయింది. జనం ఒక్కసారిగా లేచారు. చీకట్లో కుర్చీలు పడుతున్న చప్పుడు, ఉన్న ఒక్క తలుపు వైపు తోపులాట, కింద పడ్డ ఓ ముసలావిడ కేక. నేను జడ్జి కుర్చీని గట్టిగా పట్టుకున్నాను. ఎవరో ఒకరు నలిగిపోవడం ఖాయమనుకున్నాను.

తలుపు దగ్గర్నుంచి మామయ్య గొంతు వినిపించింది.

"అయ్యా, అమ్మా, నాకు చీకటంటే చచ్చేంత భయం. ఈ గోలకి ఇంకా భయమేస్తోంది. మీకు పుణ్యముంటుంది, ఒక్కొక్కరూ వచ్చి నా చెయ్యి పట్టుకుని వెళ్ళండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. తోపులాట నెమ్మదించింది. "వస్తున్నాం, భయపడకు నాయనా" అంది కింద పడ్డ ముసలావిడే. ఆవిణ్ణి లేపి ముందు పంపారు. తర్వాత ఒక్కొక్కరే ఆయన చెయ్యి పట్టుకుని, ధైర్యం చెప్పి మరీ బయటికి నడిచారు.

అందరూ వెళ్ళాక నేనూ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. మంచుముక్కలా ఉంది, గజగజ వణుకుతోంది.

"అందరూ వెళ్ళిపోయారు మామయ్యా. ఇంక నటించక్కర్లేదు" అన్నాను.

"నటనేమిట్రా? నాకంత నటన వస్తే జడ్జి వేషం నేనే వేసుకునేవాణ్ణి, నీకెందుకిస్తాను?" అంటూ రెండో చేత్తో కూడా నన్ను పట్టుకున్నాడు. "ముందు నన్ను బయటికి తీసుకుపో."