వాడరేవు ఒడ్డున రాజం కాక ఓవర్‌టైం

మా గోదావరి ఒడ్డును మాకు కాకుండా చేసినవాడు ఇసుక గుత్తేదారు. బతుకమ్మలను నీళ్లలో వదిలాక, వరద తగ్గి ఏరు తేరుకునే రోజుల్లో, గోదావరిఖని బొగ్గు బావుల్లో పనిచేసేవాళ్లు ఆదివారం పూట గాలాలు వేసుకుని కూర్చునే ఇసుక తిన్నె అది. అక్కడ పొక్లెయిన్లు దింపాడు, లారీలు తిప్పాడు, తాడు కట్టి మనుషులను కాపలా పెట్టాడు. ఆ మనుషులే మా రాజం కాక గాలం కర్రను మోకాలికేసి విరిచి, ఎర్రల డబ్బాను ఏట్లోకి తన్నారు. నది ఎవడి అబ్బ సొత్తూ కాదని సభల్లో పంచిన కరపత్రాల్లో ఎన్నోసార్లు చదివాను. కళ్ల ముందు కర్ర విరిగితే ఆ అక్షరాలకు నిప్పంటుకున్నట్టయింది.

రాజం కాక నాకు బంధువు కాదు. భూగర్భ గనిలో తట్టలతో బొగ్గు నింపే పని నుంచి మొదలుపెట్టి, మొన్న మొన్ననే రిటైరైన మనిషి. మా క్వార్టర్ల లైన్లో ఆయన చెప్పులేసుకుని బయల్దేరితే వెనకాల నలభై ఇళ్లు కదులుతాయి. తాడు కట్టిన ఒడ్డు మీద అందరం కలిసి నిరసనగా కూర్చుందాం రమ్మని అడిగితే తల అడ్డంగా ఊపాడు. నేను గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గనిలో ఊరే నీళ్లు తోడే పంపు ఆపరేటర్ శామ్యూల్ అన్న నన్ను బయటికి లాక్కొచ్చాడు. "నువ్వు నోరు మూసుకోర తమ్మీ. ఆయనకు కావాల్సింది మాట కాదు, చేప." చర్చి పెళ్లికని చీరాల వెళ్లినప్పుడు, పక్కనే వాడరేవులో సముద్రపు ఒడ్డున నిలబడి గాలం వేసేవాళ్లను చూశాడట. వానలు వెనకపట్టాక ఒడ్డు దగ్గరికే పెద్ద చేపలు వస్తాయట. లోపలికెళ్లి కాకకు అదే చెప్పాడు. కాక గోడవైపు తిరిగే విన్నాడు. చివరికి, "సరే. అక్కడ ఒక్క చేప పడితే మీ ఎంబడి ఏటి కాడికి వస్త. పడకుంటే మళ్ల నన్ను అడగొద్దు," అన్నాడు.

శనివారం సాయంత్రం గోదావరిఖని చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి రామగుండం స్టేషన్‌కు చేరాం. మద్రాసు వైపు వెళ్లే రైళ్లలో చీరాలలో ఆగేవి చూసుకోవాలి. జనరల్ బోగీకి మనిషికి నూటపాతిక లోపే అవుతుంది, వరంగల్ దాటేదాకా నిలబడే ఓపిక ఉండాలి. మేము కాకను సీట్లో ఇరికించి, గాలాల సంచి మీద వంతులవారీగా కూర్చున్నాం. తెల్లవారకముందే చీరాలలో దిగాం. స్టేషన్ బయట ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకుంటే వాడరేవు ఇరవై నిమిషాలు.

కాక సముద్రం చూడటం అదే మొదటిసారి. చెప్పులు చేత్తో పట్టుకుని, అల వచ్చి పాదాలు తడిపి వెళ్లేదాకా కదలకుండా నిలబడ్డాడు.

"గోదారికి అవతలి ఒడ్డున్నది. దీనికేదిరా?"

"ఉన్నది కాక, బర్మా కాడ," అన్నాడు శామ్యూల్ అన్న.

"గంత దూరం ఎయ్యగలమా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నెల రోజుల తర్వాత కాక నవ్వు వినడం.

ఏడింటికల్లా గాలాలు వేశాం. ఏట్లో వేసినట్టే గోధుమపిండి ముద్దలు గుచ్చాం. అల ఒక్కసారి తిరగబడితే ముద్ద లేదు, ఖాళీ ముల్లు. సీసం గుండు ఆగాల్సిన చోట ఆగక పక్కకు దొర్లి, ముగ్గురి దారాలూ జడ అల్లుకున్నాయి. వాటిని విప్పడంతోనే పొద్దు నెత్తికెక్కింది. పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న ఒకాయన ఇదంతా చూసి చూసి లేచి వచ్చాడు. పేరు కోటయ్య.

"పిండి ఎందుకండీ? సముద్రానికి అట్లు పోస్తారా?" అని పచ్చి రొయ్యలు తెచ్చిచ్చాడు. "గాలి తిరుగుతా ఉంది. మొన్నటిదాకా నీళ్లు ఎడమకి ఈడ్చేవి, ఇప్పుడిప్పుడే కుడికి మళ్లుతున్నయి. ఇట్టాంటప్పుడే మాగ చేప ఒడ్డుకొచ్చుద్ది. అదుగో, తెల్లగా విరిగే అలల మధ్యన నల్లగా కనపడతందే, అక్కడ లోతు. అందులో వెయ్యండి. ఏ ఊరు మీది?"

నేను ఛాతీ విరిచి, "తెలంగాణ," అన్నాను. ఊరడిగితే రాష్ట్రం చెప్పాను. ఉద్యమం రోజులు కదా, గొడవ వస్తే రానిమ్మనే ఉన్నాను. కోటయ్య బీడీ ముట్టించుకుంటూ, "మీకు రాష్ట్రమొస్తే ఇటు చేపలకి రారా ఏంటి?" అన్నాడు.

"వస్తం," అన్నాడు కాక. "అప్పుడు సుట్టాలమై వస్తం. కోడి కొయ్యాలె మరి."

"కోడెందుకు, సముద్రం పెట్టుకుని!"

నా సంచిలోని కరపత్రాలు సంచిలోనే ఉండిపోయాయి.

రొయ్యలు గుచ్చినా, నల్లటి నీళ్లలోకే వేసినా, మధ్యాహ్నం దాటినా ఒక్క చేపా తగల్లేదు. మూడు కావస్తుండగా కాక లేచి దారం చుట్టడం మొదలుపెట్టాడు. ఆయన చేతికి వాచీ లేదు. నేను ఫోన్‌లో చూస్తే సరిగ్గా మొదటి షిఫ్టు దిగే వేళ. బావిలో ఉన్నన్నాళ్లూ ఆ వేళకు పార కింద పెట్టిన చెయ్యి అది. ఇప్పుడూ దానంతట అదే ఆగింది.

"డ్యూటీ అయిపాయె. పడలే. ఇగ నడువుండ్రి," అన్నాడు.

ఆయన సంచి కట్టేస్తే మా ఒడ్డు పోయినట్టే. ఏదో అరవబోయాను. కోటయ్య అవతలి నుంచి కేకేశాడు: "ఏందండీ, పోటెక్కే వేళకి సర్దేస్తన్నారు? నీళ్లిప్పుడే గదా లేస్తన్నయి!"

కాక వినిపించుకోలేదు. సంచి భుజానికి వేసుకున్నాడు. అప్పుడు శామ్యూల్ అన్న ఇసుకలో చతికిలబడి, చాలా మామూలుగా అడిగాడు.

"రిలీవర్ వచ్చిండా కాక?"

"ఏం రిలీవర్రా?"

"నీ జాగల నిలబడేటోడు. పంపు కాడ రిలీవర్ రాకముందే నేను పోతే ఏమైతది?"

"నీళ్లు నిండుతయ్."

"మరి రిలీవర్ రాకుండ నువ్వెట్ల పోతున్నవ్?"

మా బావుల్లో ఆ పద్ధతి అందరికీ తెలుసు. పంపు దగ్గర గానీ బొగ్గు టబ్బులను లాగే హాలేజీ దగ్గర గానీ, తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి "నేనున్న, నువ్వు పో" అనేదాకా కదలకూడదు. రాకపోతే ఓవర్‌టైం. తిట్టుకుంటూ అయినా నిలబడాల్సిందే. కాక నావైపు చూశాడు, అలల వైపు చూశాడు.

"థూ, నీ పంపు పాడుగాను," అని సంచి దించాడు. "ఓవర్‌టైం నీ ఖాతాల రాస్కో."

పోటు ఎక్కింది. పొద్దున మేము నిలబడ్డ చోటు మోకాలి లోతు మునిగింది. ఎండ పచ్చబడే వేళకు కాక చేతిలోని కర్ర విల్లులా వంగింది. "పట్టింది!" అని నేను ఉరికాను. "ముట్టుకోకు పోరడా!" అని ఒక్క గద్దింపు. నడుముదాకా నీళ్లలోకి దిగాడు. అల వచ్చినప్పుడు దారం చుడుతూ, వెనక్కి లాగినప్పుడు వదులుతూ, ఎప్పటినుంచో సముద్రంతో పరిచయం ఉన్నవాడిలా వెనక్కి వెనక్కి నడిచాడు. కోటయ్య వల వదిలేసి వచ్చి గట్టు మీద గంతులేశాడు. "వదలండి, వదలండి... ఇప్పుడు లాగండి!" ఒక అల దాన్ని తెచ్చి ఇసుక మీద పడేసింది. మోచెయ్యంత మాగ చేప, వెండి పూత పూసినట్టు, మూతి కింద దారాల్లాంటి మీసాలతో. కాక దాని మీద బోర్లా పడ్డాడు, ఎక్కడ వెనక్కి పోతుందోనని. లేచేసరికి గడ్డం నిండా ఇసుక, కళ్ల నిండా నీళ్లు.

"ఉప్పు నీళ్లు పడ్డయ్ కండ్లల్ల," అన్నాడు. మేమేమీ అడగలేదు.

కోటయ్య భార్య ఆ చేపతో చింతపండు పులుసు పెట్టింది. ఎంతిమ్మంటారని అడిగితే గరిటె ఎత్తి కొట్టబోయింది. తింటూ కాక మా ఏటి ఒడ్డున తాడు కట్టిన సంగతి చెప్పాడు. "ఒడ్డు మీద హోటలు కడతామని మాక్కూడా తాళ్లు కడతన్నారండీ," అని కోటయ్య నోట్లో ముద్దతోనే కాకకు చెప్పాడు. కాక వేళ్లు నాకుతూ, "తాడు ఎవడు కడితేంది, నిలబడేటోడు ఉండాలె గద," అన్నాడు. నేను ఇచ్చిన ఉపన్యాసంలో ఈ వాక్యం లేదు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. అన్యాయం గురించి నాకు చాలా మాటలు తెలుసు. కానీ గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని నా మాటలేవీ లేపలేకపోయాయి. ఒక అలా, ఒక చేపా, పక్కన కూర్చుని పరాచికాలాడిన స్నేహితుడూ లేపారు. కోపం నాకు తగ్గలేదు, తగ్గించుకోను కూడా. దాని పక్కన ఇంత సంతోషానికి కూడా చోటుంటుందని మాత్రం ఆ ఒడ్డు మీద తెలిసింది. మీరూ వెళ్లాలనుకుంటే ఒక్క సలహా: దసరా తర్వాత వెళ్లండి, దిగగానే ఆ పూట పోటు ఎప్పుడెక్కుతుందో ఒడ్డున ఉన్నవాళ్లను అడగండి, ఆ వేళను బట్టే గాలం వెయ్యండి.

ఇక ఒడ్డు మీద కూర్చునే వేళ రాజం కాకే పెట్టాడు. నేను ఆరు అంటే ఒప్పుకోలేదు. "నైట్ షిఫ్టోళ్లు పైకొచ్చి మొఖం కడుక్కొని రావాలె గద. ఎనిమిదికి పెట్టు." కాబట్టి, వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు, గోదావరి ఒడ్డున, తాడు కట్టిన చోట. గాలాలు పట్టుకుని రండి, పిల్లలనూ తీసుకురండి. అందరికంటే ముందు రాజం కాక వచ్చి కూర్చుంటాడు. రిలీవర్లు కావాలి.