నవ్వింది ఎవరిని చూసి?

మహబూబాబాద్ నుంచి కొత్తగూడకు రోజూ బస్సులో వెళ్ళి కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో, ఫోనులో ఒక పాత ఇంగ్లిష్ సీరియల్‌కు అలవాటు పడ్డాను. కథంతా ఒక బారులోనే. దాని యజమాని ఆరడుగుల అందగాడు. లోపలికి వచ్చిన ప్రతి ఆడమనిషితోనూ ఒక తీపి మాట అనేవాడు. అతను నోరు తెరిస్తే చాలు, తెర వెనక నుంచి కనబడని జనం గొల్లున నవ్వేవారు. నా ఇంగ్లిష్ జంతుశాస్త్రం పుస్తకాల వరకే. మాటలు సగం అర్థమయ్యేవి కావు. నవ్వులు మాత్రం అర్థమయ్యాయనుకున్నాను. అవి అతని తెలివికి పడుతున్న చప్పట్లని నమ్మాను.

అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు, ఐదడుగుల నాలుగంగుళాలు. రెండు పెళ్ళిచూపుల్లో "ఆలోచించి చెప్తం" అన్నవాళ్ళు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. నాకు లేనిది ఆ తీపి మాటేనని తేల్చుకుని, అద్దం ముందు నిలబడి ఒకటి తయారుచేశాను: "మీరు ఎక్కాక బస్సంతా చల్లబడిందండీ!" సినిమాల్లో హీరోలు మన యాసలో ప్రేమించగా చిన్నప్పుడు ఎన్నడూ చూడలేదు కాబట్టి, "అండీ" ప్రత్యేకంగా తగిలించాను.

మొదట బ్యాంకులో పనిచేసే ఒకామెతో అన్నాను. ఆమె కిటికీ మూసి, కళ్ళు కూడా మూసుకుంది. మరుసటి వారం దవాఖాన నర్సుతో అన్నాను. "థాంక్స్ అన్నా" అంది. ఆ "అన్నా" దగ్గరే నేను ఆగిపోవలసింది.

మూడోసారి, రైతులకు పంటల సలహాలు చెప్పే ఏఈవో మేడం. గూడూరులో ఎక్కి నా ముందు సీట్లో కూర్చుంది. గొంతు సవరించుకుని నా మాట అప్పజెప్పాను. ఆమె జవాబు చెప్పేలోపే, రోజూ కూరగాయల గంపతో వచ్చే అవ్వ వెనక సీట్లోంచి అందుకుంది.

"ఏంది సారూ, ఎవలెక్కినా గిదే మాటనా? బ్యాంకు బిడ్డకు చెప్పినవ్, నర్సమ్మకు చెప్పినవ్. నేను సుత రోజూ ఎక్కుతున్న గదా, నేనెక్కితె సల్లవడదా?"

బస్సు బస్సంతా నవ్వింది. కండక్టరక్క టికెట్ మిషను పట్టుకుని సీటు మీద వాలిపోయింది. మేడం నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

ఇంటికి వెళ్ళి ఆ సీరియల్ మళ్ళీ చూశాను. జనం నవ్వుతున్నది అతని తెలివికి కాదు, అతన్ని చూసి. వచ్చిన ప్రతి ఆడమనిషీ అతనికి ఒక చురక అంటించే పోతోంది. నేనేమో ఇన్నాళ్ళూ అతని జుట్టు చూస్తూ ఉండిపోయాను.

నాలుగు రోజులు గంట ముందు బస్సు పట్టుకున్నాను. ఐదో రోజు అది రాలేదు. తల దించుకుని పాత బస్సే ఎక్కాను.

"రాండ్రి సార్," అంది మేడం. "మీరు లేక నాలుగు దినాలు బస్సంతా ఉడికిపోయింది."

మళ్ళీ నవ్వులు. వేరే దారి లేక నేనూ నవ్వాను. అవి సద్దుమణిగాక మెల్లగా అన్నాను, "తప్పైంది మేడం. మీకు ఇబ్బంది అయిందా?"

"గంత ఇబ్బంది ఏంలేదు సార్. గని మీరు మాట అప్పజెప్పుడే, అవతలోళ్ళు ఏమంటరో వినరు. పొద్దుగాల లేసి ఉరికొచ్చినోళ్ళం, మా పరేషాన్లు మాకుంటయ్. ఎట్లున్నరని అడుగుండ్రి, సాలు."

ఎత్తిపొడుపుల కంటే ఈ నెమ్మదైన మాటే గట్టిగా తగిలింది. "ఎట్లున్నరు మేడం?" అని అడిగాను. మిరప తోటల్లో తామర పురుగు పడిందనీ, రైతులు తనమీదే కోపం తీర్చుకుంటున్నారనీ కొత్తగూడ వచ్చేదాకా చెప్పింది. ఆ పురుగు గురించి నాకు బోలెడు తెలుసు. చెప్పబోయి, నాలుక కరుచుకుని ఊరుకున్నాను.

ఏడాది తర్వాత ఆమెకు పెళ్ళయింది, నాతో కాదు. బస్సువాళ్ళం అందరం వెళ్ళాం. భోజనాల దగ్గర అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన మోకాళ్ళ నొప్పుల కథ మొదటినుంచీ చెప్పింది. అది పూర్తయ్యేసరికి నా విస్తరిలో పెరుగన్నం గట్టిపడిపోయింది.