రంధ్రంలో రెండో స్క్రూ

మొన్న ఉదయం స్నానాలగది తలుపు పిడి ఊడి చేతిలోకి వచ్చింది. దానితోపాటు వడ్లగింజంత స్క్రూ ఒకటి గచ్చు మీద పడి దొర్లింది. వంగి తీసుకోవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. తల లేని స్క్రూ, పైన ఆరు పలకల గుంట. ఇనుముతో బతికిన నా ఈడువాళ్ళకు దాన్ని పరిచయం చేయనక్కరలేదు. ఇరుసు మీద పుల్లీ జారిపోకుండా, పక్కనుంచి రంధ్రంలోకి దిగి, మొనతో ఇరుసును నొక్కి పట్టి ఉంచే సెట్ స్క్రూ అది. మేము గ్రబ్ స్క్రూ అనేవాళ్ళం.

ఎనభైల మొదట్లో, ఇంకా ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో, డిప్లొమా పుచ్చుకుని ఆటోనగర్‌లో గాలి కొట్టే బ్లోయర్లు మరమ్మతు చేసే ఒక షెడ్డులో సూపర్‌వైజరుగా చేరాను. మద్దిలపాలెం నుంచి బస్సులో నిలబడి వెళ్ళి, పగలంతా నిలబడి పనిచేసి, మళ్ళీ నిలబడే తిరిగొచ్చేవాణ్ణి. ఆరు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు. నాకు జాబితాల పిచ్చి. ప్రతి పనినీ వరసగా నోటుపుస్తకంలో రాసుకుని, అయినదాని పక్కన టిక్కు పెట్టేవాణ్ణి.

అక్కడి పెద్ద మేస్త్రీ శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. చదువు రాదు. ఏ యంత్రాన్ని విప్పే ముందైనా పోత ఇనుము భాగాలను చిన్న సుత్తితో తట్టి చెవి ఒగ్గి వినేవాడు. బీట ఉంటే మోత బొంగురుపోతుంది. ఆ చెవికి షెడ్డంతటా పేరు.

నా ఆరో నెల చివరి వారంలో, ఇదివరకు మేస్త్రీ చేత్తోనే బాగుపడిన పెద్ద బ్లోయరు ఒకటి మళ్ళీ వచ్చింది. మేస్త్రీ తట్టి చూసి, బాగుందని చెప్పి, భోజనానికి వెళ్ళాడు. దాన్ని తిరిగి తీసుకుపోవలసిన లారీ బయట కాచుకుని ఉంది. నా జాబితాలో నాలుగోది, సెట్ స్క్రూ తీయడం. తీశాను, టిక్కు పెట్టాను. ఐదోది, పుల్లీని లాగడం. అది కదల్లేదు. లాగే పనిముట్టు పిడికి పొడవాటి పైపు తొడిగి బలమంతా పెట్టాను. పుల్లీ మధ్యభాగం టప్పుమని రెండుగా విచ్చింది.

మేస్త్రీ వచ్చి రంధ్రంలోకి సన్నని తీగ దూర్చి చూశాడు.

"కింద ఇంకోటుంది కదేటి బాబూ!"

అదురుకు స్క్రూ వదులవుతుందని, మొదటిదాని నెత్తిన అదే రంధ్రంలో రెండోది బిగించడం అతని అలవాటు. నేను పైదాన్ని మాత్రమే తీశాను. నా మొహం చూసి, "నాను ముందే సెప్పవలసింది, ఊరుకో" అన్నాడు.

యజమాని వచ్చేసరికి నేను విచ్చిన ముక్కలు ఏరుతున్నాను. మేస్త్రీయే చెప్పాడు, పోతలో ముందే బీట ఉందని, తనకు వినబడలేదని. యజమాని ఏమీ అరవలేదు. మర్నాటి నుంచి విప్పే పని మరొకరికి ఇచ్చి, మేస్త్రీని సానచక్రం దగ్గర నిలబెట్టాడు.

"సెవిలో కూడా గ్రబ్ స్క్రూ బిగించీసినావేటి బావా?" అని తోటి ఫిట్టరు అందరి ముందూ ఎకసెక్కమాడితే, "రెండు బిగించినానురా" అని మేస్త్రీ నవ్వాడు. పక్కనే నోటుపుస్తకం పట్టుకుని నేను నిలబడి ఉన్నాను.

ఆ వారమే నా ఉద్యోగం ఖాయమైంది. నిజం చెప్పడం రేపటికి, ఎల్లుండికి వాయిదా వేస్తూ వచ్చాను. మరుసటి వేసవికి మేస్త్రీ పని మానేసి వెళ్ళిపోయాడు. ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు; నేనూ గట్టిగా అడగలేదు. ఆ తరవాత ఎన్ని చోట్ల పనిచేసినా, కొత్తగా చేరినవాళ్ళకు నేనిచ్చే జాబితాలో నాలుగోదాని కింద ఒక వాక్యం ఉండేది: తీగ పెట్టి చూడు, రెండోది ఉండవచ్చు. మంచి మాట చెప్పారు సార్ అనేవాళ్ళు. అది ఎవరి వల్ల నేర్చుకున్నానో ఒక్కరికీ చెప్పలేదు.

ఇప్పుడు స్క్రూ వదులవకుండా దాని మరచుట్ల మీద ఒక చుక్క జిగురు వేస్తున్నారు, రెండోదానితో పని లేదు. పోతను తట్టి వినేవాళ్ళూ కనబడటం లేదు. తలుపు పిడి బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడు పాతది పారేసి కొత్తది పెట్టించుకోమన్నాడు. అతను వెళ్ళాక ఆ పిడి రంధ్రంలోకి తీగ దూర్చి చూశాను. లోపల ఏమీ లేదు. అయినా చాలాసేపు తిప్పి తిప్పి వెతికాను.