గంటకు నలభై

అలేఖ్యది జోగిపేట. తండ్రి అక్కడి మార్కెట్ యార్డులో కాంటా వేసేవాడు. ఇంజనీరింగు పూర్తయ్యాక ఆమె హైదరాబాదులో ఏడు ఇంటర్వ్యూలకు వెళ్లి, ఏడింటి నుంచీ ఉత్తచేతులతో తిరిగొచ్చి, చివరికి పటాన్‌చెరులో ఒక చిన్న కంపెనీలో చేరింది. కింద శానిటరీ సామాన్ల దుకాణం, పైన రెండో అంతస్తులో పద్దెనిమిది మంది కూర్చునే ఆఫీసు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల గేట్ల దగ్గర నడిచే సాఫ్ట్‌వేర్ తయారుచేయడం వాళ్ల పని. లోపలికి ఎవరొచ్చారు, బయటికి ఎవరు వెళ్లారు, ఇప్పుడు లోపల ఎవరున్నారు, ఈ మూడు సంగతులూ అది చెబుతుంది. గేటు దగ్గర వేలు పెట్టే మిషనైనా, సూపర్‌వైజరు చేతిలోని ఫోనైనా కంపెనీ సర్వర్‌ను అడిగి తెలుసుకోవాల్సిందే.

ఆరేళ్లలో ఆమెకు ఆఫీసులో ఒక పేరొచ్చింది. అలేఖ్యకు పని ఇస్తే మళ్లీ తిరిగి చూసుకోనక్కర్లేదని. ఆ మాట మొదట అన్నది మేనేజర్ వెంకటేశ్వరరావే. ఆయన తండ్రి భీమవరం నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. వెంకటేశ్వరరావు ఇక్కడే పుట్టి పెరిగినా మాట మాత్రం ఇంట్లో విన్న గోదావరి మాటే. మనిషి చెడ్డవాడు కాదు. ఆడపిల్లలు ఆలస్యంగా ఇంటికి వెళ్లాల్సి వస్తే తన కారులో దింపి వచ్చేవాడు.

కాజీపల్లి దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ వాళ్లకు పెద్ద ఖాతాదారు. అందులో సొంత ఉద్యోగులు రెండు వందల మంది అయితే, కాంట్రాక్టర్ల కింద పనిచేసేవాళ్లు అంతకు మూడింతలు. వర్షాకాలం చివర్లో ఒకరోజు ఉదయం షిఫ్టు మారే వేళ పద్నాలుగు మంది కాంట్రాక్టు సూపర్‌వైజర్లు ఒకేసారి ఫోన్లు తీసి, జవాబు ఆలస్యమయ్యేసరికి మళ్లీ మళ్లీ నొక్కారు. సర్వర్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. దాంతో కార్ల గేటు కూడా తెరుచుకోలేదు. ఫ్యాక్టరీ డైరెక్టర్ కారు ఇరవై నిమిషాలు రోడ్డు మీద నిలబడింది.

మర్నాడు వెంకటేశ్వరరావు అలేఖ్యను పిలిచి, అందరినీ ఒకే గాటన కట్టడం ఇక కుదరదనీ, వాడేవాళ్లను గుంపులుగా విడదీసి ఎవరు ఎన్నిసార్లు అడగొచ్చో హద్దు పెట్టాలనీ చెప్పాడు. డైరెక్టరుకు, ఆఫీసర్లకు హద్దు ఉండకూడదన్నాడు. మిగతాది ఆమె ఇష్టానికి వదిలేశాడు.

ఆమె శ్రద్ధగానే చేసింది. రెండు వారాల వాడకం ముందు పెట్టుకుని చూసింది. సొంత ఉద్యోగుల విభాగాలకు గంటకు మూడు వందలు పెట్టింది. కాంట్రాక్టు సూపర్‌వైజరు ఒక్కొక్కరు గంటకు ఇరవై రెండుసార్లకు మించి అడగడం అరుదు. దానికి ఇంచుమించు రెట్టింపు చేసి నలభై ఇచ్చింది. ఊరికే నొక్కేవాళ్ల కోసం ఇంకొకటి కూడా కలిపింది. హద్దు దాటాక ఆగకుండా నొక్కితే, నొక్కిన ప్రతిసారీ ఎదురుచూడాల్సిన సమయం అయిదు నిమిషాలు పెరుగుతుంది. సూపర్‌వైజర్లకు ఇంగ్లిషు రాదని, ఫోను మీద కనబడే మాటను తనే తెలుగులో రాసింది. "మీ పరిమితి పూర్తయింది. దయచేసి ఇన్ని నిమిషాల తర్వాత ప్రయత్నించండి." ఆ 'దయచేసి' కూడా ఆమె పెట్టిందే.

పని ముగిసే రోజు ఆమెకు ఒక సంగతి తట్టింది. ప్రమాదం జరిగితే 'లోపల ఉన్నవారు' అనే పట్టీ కూడా ఇదే దారిన రావాలి, దానికి హద్దు ఉండకూడదు. నోటుబుక్కులో రాసుకుంది. అప్పటికి చేయాల్సిన పనులు అందులో పద్దెనిమిది ఉన్నాయి, ఇది పంతొమ్మిదోది. ఆ సాయంత్రమే సద్దుల బతుకమ్మకు జోగిపేట బయల్దేరింది.

దసరా సెలవులయ్యాక ఆమె ఆఫీసుకు వచ్చిన మూడో రోజు, ఉదయం పదకొండు గంటలకు ఇంకా పది నిమిషాలు ఉందనగా, కాజీపల్లి ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగే షెడ్డు వెనక మంటలు లేచాయి. సైరన్ మోగగానే అందరూ గేటు ముందున్న ఖాళీ స్థలానికి పరుగెత్తారు. సేఫ్టీ ఆఫీసరు తన ఫోనులో సొంత ఉద్యోగుల పేర్లు చదివి, అందరూ ఉన్నారని రెండు నిమిషాల్లో తేల్చాడు. కాంట్రాక్టు వాళ్ల పట్టీ ఆయనకు కనబడదు. వాళ్లు తమ ఉద్యోగులుగా ఏ రికార్డులోనూ కనబడకూడదని ఫ్యాక్టరీయే అలా అడిగి పెట్టించుకుంది. ఎవరి మనుషులను వాళ్లే లెక్క చూసుకోవాలి.

డ్రమ్ముల షెడ్డు మనుషులు అంజయ్య కింద ఉన్నారు. యాభై దాటిన మనిషి, పదిహేనేళ్లుగా సూపర్‌వైజరు. ఆ వారం పని ఎక్కువై పన్నెండు మందిని కొత్తగా తెచ్చాడు. ఆ ఉదయం పది దాటాక వాళ్ల పాసులు సరిచేయడంలో అతని నలభై అయిపోయాయి. కొత్తవాళ్ల ముఖాలు అతనికింకా గుర్తుపట్టేంత అలవాటు కాలేదు. పిల్లకు జ్వరమని ఒకామె పొద్దున బయటికి వెళ్లిన సంగతి గుర్తుంది. ఆమె ఒక్కతేనా, ఇంకెవరైనా వెళ్లారా అన్నది గుర్తు లేదు. ఫోను తీసి నొక్కాడు. దయచేసి తొమ్మిది నిమిషాల తర్వాత ప్రయత్నించమంది. మళ్లీ నొక్కాడు. పక్కన ఫైరింజన్ వాళ్లు అందరూ వచ్చారా అని అరుస్తున్నారు. పొగ గేటు దాకా వచ్చింది. చివరికి అంజయ్య నిలబడిన తలలు లెక్కపెట్టి, వచ్చారని చెప్పాడు.

రాజవ్వ రాలేదు. తడిసిన చీర మార్చుకోవడానికి షెడ్డు వెనక గదిలోకి వెళ్లింది. ఆమెకది పనిలో రెండో రోజు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, మంటలు ఆరాక, ఆ గదిలో తలుపు పక్కన దొరికింది. ఒంటి మీద కాలిన గాయం ఒక్కటి లేదు. పొగకు పోయింది. ముప్పావుగంట దాకా బతికే ఉండి ఉంటుందని తర్వాత డాక్టర్లు రాశారు.

సాయంత్రం ఆ వార్త ఫోనులో చూసినప్పుడు అలేఖ్య టీ తాగుతోంది. గ్లాసు పక్కన పెట్టి సర్వర్ రికార్డు తెరిచింది. ఎవరు ఎప్పుడు ఏం అడిగారో, ఏ జవాబు వెళ్లిందో అందులో వరుసగా ఉంటుంది. పది యాభై రెండు నుంచి పదకొండూ ఆరు దాకా అంజయ్య ఫోను నుంచి పదకొండు రిక్వెస్టులు. పదకొండింటికీ ఒకే జవాబు. మొదటిసారి తొమ్మిది నిమిషాలు ఆగమంది, చివరిసారి నలభై అయిదు. అతను కంగారులో నొక్కుతున్నకొద్దీ, ఆమె పెట్టిన నియమం పట్టీని అతనికి ఇంకా దూరంగా నెట్టింది. ఒక్కసారి నొక్కి ఊరుకుని ఉంటే పదకొండూ ఒకటికి పట్టీ వచ్చేది. అందులో రాజవ్వ పేరు ఉండేది.

ఆ సాయంత్రమే ఆమె ఆ పట్టీకి హద్దు తీసేసింది. మార్పు రాయడానికి పట్టింది ఇరవై నిమిషాలు.

ఇంట్లో భర్త శ్రావణ్‌కుమార్‌కు చెప్పింది. అతను వేరే మందుల కంపెనీలో ల్యాబులో పనిచేస్తాడు. అంతా విని, నువ్వొక్కదానివే చేసిన పని కాదు కదా అన్నాడు. ఓదార్పుకే అన్నాడు. ఆమె పక్కకు తిరిగి పడుకుంది.

మంటలు లేచిన పంతొమ్మిదో రోజున అంజయ్య అలేఖ్య వాళ్ల ఆఫీసుకు వచ్చాడు. మనుషులను సరిగా లెక్కపెట్టకుండా అందరూ వచ్చారని చెప్పి, ఒకరి చావుకు కారణమయ్యాడని అతని మీద కేసు పెట్టారు. కాంట్రాక్టరు ముఖం చాటేశాడు. వెంకటేశ్వరరావు లోపలే ఉండి, లేనని చెప్పించాడు. అంజయ్య మెట్ల మీద కూలబడ్డాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి వచ్చిన అలేఖ్య అతన్ని చూసి పేరడిగింది. అడగకముందే ఎవరో తెలిసిపోయింది.

"నేను అడిగిన మేడం," అన్నాడు. "పదకొండుసార్లు అడిగిన. ఎవ్వలు నమ్ముతలేరు. ఫోన్ పోలీసోళ్లు తీస్కపోయిండ్రు. ఆగమంటె నేనెట్ల ఆగుదు, చెప్పుండ్రి."

అతను గట్టిగా కూడా అనలేదు. ఆమె నల్లా దగ్గరికి వెళ్లి చాలాసేపు ఆ డబ్బానే కడుగుతూ నిలబడింది.

లోపలికి వెళ్లి వెంకటేశ్వరరావుతో, ఆ రోజు రికార్డును ప్రమాదం మీద విచారణ చేస్తున్న అధికారికి ఇద్దామంది. ఆయన తలుపు దగ్గరికి వేసి ఆమెను కూర్చోమన్నాడు.

"చూడమ్మా, ఫ్యాక్టరీ వాళ్లు అడిగిందే మనం చేశాం. తప్పేమీ చేయలేదు," అన్నాడు. "కాంట్రాక్టు గుంపు రికార్డు ముప్పై రోజులే కదా ఉండేది. ఇంకో పదకొండు రోజులు ఊరుకుంటే అదే పోతుంది. నువ్వేం చేయక్కర్లేదు. పద్దెనిమిది కుటుంబాలమ్మా మనవి."

ఆ ముప్పై రోజుల నియమం కూడా ఆమె చేతి మీదుగా పెట్టిందే. ఆఫీసర్ల రికార్డు ఏడాది ఉంటుంది. కాంట్రాక్టు వాళ్లది నెల. సర్వర్‌లో చోటు మిగులుతుందని అప్పుడు అనుకున్నారు.

వారం పైనే ఆమె ఏమీ చేయలేదు. ఆ వారం గురించి తర్వాత ఎప్పుడడిగినా ఆమె దాచకుండా చెప్పింది. భయపడ్డానని, ఉద్యోగం పోతే ఇంటి కిరాయి ఎలా అని ఆలోచించానని, పోతే పోనీ ఆ రికార్డు అని రెండుసార్లు అనుకున్నానని. ఇరవై ఎనిమిదో రోజు పొద్దున, ఆఫీసుకు ఎవరూ రాకముందే, ఆ పద్నాలుగు నిమిషాల రికార్డు కాగితాల మీద అచ్చు తీసి, హద్దులు ఎవరు ఎలా పెట్టారో తన చేతిరాతతో రెండు పేజీలు రాసి జతపరిచి, బస్సెక్కి సంగారెడ్డి వెళ్లి విచారణ అధికారి చేతికిచ్చింది. ఆయన ముద్ర వేసిన రసీదు ఇచ్చి పంపాడు.

ఆ తర్వాతి ఆదివారం రాజవ్వ ఇంటికి వెళ్లింది. ఫ్యాక్టరీ గోడకు రెండు కిలోమీటర్ల దూరంలో ఊరు. రాజవ్వ భర్త కొమురయ్య రెండెకరాల రైతు. బోరు నీళ్లు రంగు మారి పంట ఎండిపోతూ వచ్చిన నాలుగేళ్లూ చూసి, సాగు మానేసి భూమి పడావు పెట్టాడు. అందుకే రాజవ్వ పనికి వెళ్లింది. కొమురయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఫ్యాక్టరీ తరఫున వచ్చావా అని అడిగాడు. కాదని, గేటు మిషను తయారుచేసే కంపెనీ అని చెప్పి, ఆమె అతని ముందు నేల మీద కూర్చుంది. హద్దుల సంగతి అతనికి అర్థమయ్యేలా చెప్పడానికి కొంత తడబడింది. అతను మధ్యలో ఆపాడు.

"మా రాజవ్వ లోపటున్నదని ఆ మిషన్‌కు ఎరుకనా, బిడ్డా?"

"ఎరుకే, పెద్దయ్యా."

"మరెందుకు చెప్పలె?"

"అన్నిసార్లు అడిగితె చెప్పొద్దని నేనే పెట్టిన."

లోపల ఎవరో కోడలో, పక్కింటామెనో గిన్నెలు సర్దుతున్న చప్పుడు. తర్వాత కొమురయ్య అడిగాడు.

"పెద్ద సార్లు అడిగితె గూడ గట్లనే అంటదా?"

"అనదు. వాళ్లకు లెక్క లేదు."

అతను తల ఊపాడు. ఆమెను తిట్టలేదు, పొమ్మనలేదు. కొంచెంసేపటికి లేచి పెరట్లోకి వెళ్లి, ఇక బయటికి రాలేదు. అతను తిడితే బాగుండునని ఆమె అక్కడ గంటసేపు కూర్చుంది. చివరికి పక్కింటామె వచ్చి, జల్దీ పోకుంటే ఆఖరు ఆటో దొరకదని చెప్పి పంపింది.

విచారణ నివేదిక ఎండాకాలంలో వచ్చింది. సూపర్‌వైజరు లెక్క తప్పడం ఒక కారణమనీ, సమాచార వ్యవస్థలో సాంకేతిక పరిమితి మరో కారణమనీ అందులో రాశారు. నలభై అన్న అంకె గానీ, ఫ్యాక్టరీలో బాధ్యులని ఎవరి పేరు గానీ లేదు. ఆ కాగితాల వల్ల అంజయ్య మీద కేసు బలహీనపడింది, కానీ ఏ కాంట్రాక్టరూ అతన్ని మళ్లీ పనికి పిలవలేదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్ముకుంటున్నాడు. ఫ్యాక్టరీ అయితే ప్రమాదం జరిగిన నెల రోజుల్లోనే తెరుచుకుంది. వెంకటేశ్వరరావు అలేఖ్యను తీసేయలేదు. మాట్లాడటం మానేసి, పని ఇవ్వడం మానేశాడు. మూడో నెలలో ఆమె తనే రాజీనామా రాసింది.

ఇప్పుడు ఆమె సంగారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. జీతం సగం. రాజవ్వ చావుకు పరిహారం కేసు కోర్టులో నడుస్తోంది, సాక్షిగా ఆమెకూ పిలుపు వచ్చింది. ఫ్యాక్టరీ వకీలు లేచి, ఆ అంకె పెట్టమని ఆమెకు ఎవరు చెప్పారని అడిగాడు. కంపెనీ పేరో, మేనేజరు పేరో చెబుతుందని అందరూ చూశారు. గుంపులు విడదీయమన్నదీ, ఆఫీసర్లకు హద్దు వద్దన్నదీ మేనేజరేనని చెప్పింది.

"నలభై అని మాత్రం ఎవరు చెప్పలేదు సార్," అంది. "అది నేనే పెట్టిన."

వెనక బెంచీలో కొమురయ్య ఉన్నాడు. ఆమె బోనులోంచి దిగి వచ్చేటప్పుడు, కూర్చోవడానికి కొంచెం పక్కకు జరిగాడు.