నాచప్ప వాకిట్లో రెండు దెబ్బలు

మా ముద్దవ్వ వదిన పుట్టినప్పుడు కంచు పళ్ళెం కొట్టారు. ఆమె తర్వాత తమ్ముడు బోపయ్య పుట్టినప్పుడు మామగారు వాకిట్లో నిలబడి తుపాకి పేల్చారు. మా కొడగులో అంతే. ఆడపిల్లకి పళ్ళెం, మగపిల్లాడికి ఒక తుపాకి దెబ్బ. మనిషి పోతే మాత్రం రెండు దెబ్బలు, ఒకదాని వెంట ఒకటి. అవి విన్నవాళ్ళు చేతిలో పని వదిలేసి, తెల్లబట్టలు కట్టుకుని, చప్పుడొచ్చిన ఇంటికి నడిచి వెళతారు.

ఆ బోపయ్యే మా ఆయన.

వదిన పెళ్ళయిన రెండో ఏడే మొగుడు జ్వరంతో పోతే పుట్టింటికి వచ్చేసింది. మామగారికి చూపు మందగించాక ఇంట్లో ఉన్న జంట గొట్టాల రైఫిలు బాగోగులన్నీ ఆమె చేతికే వచ్చాయి. ఆయన పోయాక కూడా ఆమే చూసుకునేది. ఆ తుపాకి మామగారి తాత నాటిది. గొట్టంలో మందు పోసి, గుండు దట్టించి, వెనక రాగి టోపీ తొడగాలి. మీట నొక్కితే ఆ టోపీ పేలి లోపలి మందు అంటుకుంటుంది. వదిన ఇంకో పని కూడా చేసేది. దట్టించాక గొట్టాల మూతుల మీద పల్చగా తేనెమైనం పూసేది. వానల్లో చెమ్మ లోపలికి దిగకుండా మామగారు నేర్పిన పద్ధతి అది. కాఫీ కాచేటప్పుడు పరధ్యానంగా ఉండేదేమో గానీ, తుపాకి దగ్గర కూర్చుంటే పిలిచినా పలికేది కాదు.

ఆ ఏడు పందులు మా వరిమళ్ళని కుళ్ళగించాయి. మా ఆయన కుక్కల్ని తీసుకుని పొదల్లోకి దిగాడు. పంది బయటికొచ్చే సందు దగ్గర తన చిన్నాన్న కొడుకు నాచప్పని నిలబెట్టి, మా రైఫిలు వాడి చేతికిచ్చాడు. ఊళ్ళో గురికాణ్ణని చెప్పుకునేది వాడేగా మరి. పంది వెనక్కి తిరిగి మా ఆయన మీదికి దూకింది. నాచప్ప కాల్చాల్సింది పోయి చెట్టెక్కాడు. మా ఆయన్ని మోసుకొచ్చేలోపే ప్రాణం పోయింది. దారిలో ఒక్క మాటైనా మాట్లాడలేదట.

నాచప్ప మా వాకిట్లో శవం పక్కనే నిలబడి కథ మొదలెట్టాడు. రెండు మీటలూ నొక్కాడట. టోపీలు పేలాయిట గానీ గుండు కదల్లేదట. మందు చెమ్మగిల్లిందట. దట్టించిన చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసుగా, అన్నాడు. వాడి నాలుక తెగిపడనూ. సొంత తమ్ముణ్ణి చంపుకున్న అక్కగా మా వదినని ఆ పూటే ఊరి ముందు నిలబెట్టాడు.

వదిన ఏడుపు ఆపి తుపాకి అందుకుంది. పేలిన టోపీలు దారిలో పారేశానన్నాడు వాడు. టోపీ పేలితే అది కూర్చునే చోట మసి ఉండాలి. అక్కడ మసీ లేదు, వాసనా లేదు. గొట్టాల మూతుల మీద మైనం అలాగే ఉంది, చెమ్మ లోపలికి దిగే దారే లేదు. ఆ మాటే మా వంశంలో పెద్దవాడైన ఉత్తయ్య తాతకి చెప్పింది. దుఃఖంలో ఏదో అంటున్నావు, నాచప్ప అక్కడున్న మగాడు, నువ్వు ఇంట్లో ఉన్నదానివి, అన్నాడు తాత.

వదిన వాదించలేదు. "సరే తాతా. నా చెయ్యి దీనికి తగలకుండా నువ్వే కట్టి పెట్టు. మందు లోపలే ఉండనీ. తమ్ముడి ఏడాది వెళ్ళాక చూద్దాం" అంది. తాత మా ఆయన ఎర్ర నడికట్టు తీసి, మూతుల నించి మీటల దాకా చుట్టి, తన చేత్తోనే ముడివేసి, నడిమింటి దూలానికి వేలాడదీశాడు.

ఆ ఏడాది ఎలా గడిచిందో నాకు తెలుసు. ఏ ఇంటికి వెళ్ళినా ఆడవాళ్ళు ఆమె చేతి మంచినీళ్ళు పుచ్చుకునేవాళ్ళు కాదు. నాచప్ప ప్రతి విందులోనూ ఆ కథ చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా పంది కాస్త పెరిగేది. అంతా చేసి మా ఇంటికొచ్చి, మా దూలం కిందే కూర్చుని, బియ్యపురవ్వతో ఉడికించిన కడంబుట్టు ఉండల్లో పందికూర నంజుకుని తినేవాడు. వాడి గిన్నెలో ఏదో ఒకటి కలిపేద్దామని నా చేతులు దురద పెట్టేవి. వదిన ఒప్పుకోలేదు. "కడుపునొప్పితో పోతే అందరూ అయ్యో పాపం అంటారే. వాడికి ఆ పాపం కూడా దక్కకూడదు" అని వాడికి ఇంకో గరిటె వడ్డించేది.

ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. గోడలు నాని పాచి పట్టాయి, పెట్టెలో బట్టలు బూజు పట్టాయి. దూలం కేసి చూసినప్పుడల్లా నాకు ఒకటే దిగులు. ఏడాది వెళ్ళాక అది పేలకపోతే వదినకి ఈ జన్మలో ఆ మచ్చ పోదు. భయం లేదా వదినా అని అడిగితే, మైనం పూసింది నేనేగా అంది.

మా ఆయన ఏడాది వెళ్ళాక ఆయుధాల పండగ వచ్చింది. ఆ ఉదయం ఊళ్ళో తుపాకులన్నీ పూజ గదుల్లో పూలతో ఉంటాయి. పూజ అయ్యేదాకా ఏ ఇంటా ఒక్కటీ పేలదు. మా ఇంట తాత రైఫిలు దింపాడు. ఇంట్లో మగదిక్కు లేదు కాబట్టి అది తనకే రావాలని నాచప్ప నల్లకోటు తొడుక్కుని, చేతులు చాచి నిలబడ్డాడు.

"ఇచ్చే ముందు పేలుతుందో లేదో చూడొద్దా తాతా" అంది వదిన.

నాచప్ప పగలబడి నవ్వాడు. "ఏడాది కిందటే పేలనిది ఈ వానలకి పేలుతుందా? కావాలంటే మా వాకిట్లో నిలబడి పేల్చుకోవే. మా కోళ్ళు కూడా లేవవు."

"విన్నావుగా తాతా, వాకిలి వాడే ఇచ్చాడు" అంది వదిన.

అందరం మడిగట్ల మీదుగా కింద ఉన్న నాచప్ప ఇంటికి నడిచాం. తాత తన ముడి తనే విప్పాడు. మైనం మీద వేలు పెట్టి చూశాడు. తన డబ్బాలోని టోపీలు తొడిగి తుపాకి వదిన చేతికిచ్చాడు. ఆమె ఆకాశంలోకి ఎత్తింది. ఒక దెబ్బ పేలింది. కొండలు దాన్ని తిరిగి చెప్పేలోపే రెండోదీ పేలింది.

నాచప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు మా ఆయన గుర్తొచ్చి అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుపులోనే నవ్వొచ్చింది, దాచుకోలేదు.

కాసేపటికి గట్ల మీద తెల్లబట్టలు కనబడ్డాయి. కింది ఊరివాళ్ళు, వాగవతలివాళ్ళు, ఆడవాళ్ళు జుట్టు విరబోసుకుని నాచప్ప వాకిట్లోకి వచ్చేశారు. పండగ పూట ఎవరు పోయారని అడిగారు.

ఉత్తయ్య తాత తన చేతిలోని ఎర్ర నడికట్టు కేసి చూశాడు. తర్వాత, "నాచప్ప పోయాడు" అన్నాడు. ఎలా పోయాడో కూడా, తుపాకి పేల్చకుండా పారిపోయి నేరం వదిన మీదికి నెట్టిన సంగతంతా, అక్కడే, వాడి ఎదుటే, మొదటినించీ చెప్పాడు.

వచ్చినవాళ్ళు వెళ్తూ దారిలో వాగులో మునిగి, మైల పోగొట్టుకుని ఇళ్ళకెళ్ళారు. ఆ తర్వాత వేటకి వాణ్ణి ఎవరూ పిలవలేదు. వేటమాంసంలో కుక్కలకి కూడా వాటా పెడతాం మేం, వాడి గడపకి ఎముక ముక్క కూడా వెళ్ళలేదు. రైఫిలు వదిన దగ్గరే ఉండిపోయింది. ఇంటింటా ఆమె చేతి నీళ్ళు తాగారు. కొందరికి అడిగినా ఇవ్వలేదు, అదీ మా వదిన.

చాలా ఏళ్ళకి ఒక మధ్యాహ్నం మేమిద్దరం కాఫీ గింజలు ఆరబోస్తున్నాం. కింద నాచప్ప ఇంటివైపు నించి రెండు దెబ్బలు వినబడ్డాయి. ఊళ్ళో ఒక్క తలుపూ తెరుచుకోలేదు, గట్టు మీద ఒక్క తెల్లబట్టా కనబడలేదు. నేను మాత్రం అలవాటు కొద్దీ చేతులు దులుపుకుని లేచాను.

వదిన తలెత్తకుండా గింజలు నెరుపుతూనే ఉంది. "కూర్చో పొన్నక్కీ. ఆ చావుకి మనం ఎప్పుడో వెళ్ళొచ్చాం" అంది.