అక్క అర్రలో కందిరీగలు

ఖానాపూర్‌లో బస్సు దిగేసరికి పొద్దు గుంకుతోంది. దీపావళి వెళ్లి వారం కాలేదు, అప్పుడే చలి మొదలైంది. ఆదిలాబాద్ జిల్లా చలి, అడవి మీదుగా వచ్చి ముందు చెవులు పట్టుకుంటుంది. భుజాన కిట్ బ్యాగు. అందులో ఉన్ని కోటు, మంకీ టోపీ, దోమతెర, చేతి తొడుగులు, మిలిటరీ బూట్లు. అక్క వాళ్ల ఊరు అక్కడి నుంచి రెండు మైళ్లు. ఎడమ పక్క పసుపు చేన్లు, కుడి పక్క వాగు, ఎదురుగా అడవి. నడిచాను.

మిలిటరీలో పనిచేసి వచ్చానంటే మన ఊళ్లలో అందరూ అడిగేది ఒకటే. "బార్డర్‌ల ఎంతమందిని కాల్చినవు?" నేను ఇంజనీర్ల దళంలో ఉన్నాను. వంతెనలు కట్టాను, మంచు ఎత్తిపోశాను. కాల్చింది తక్కువ, మోసింది ఎక్కువ. నా సర్వీసు మొత్తంలో బాగా భయపడ్డ డ్యూటీ ఏదంటే మాత్రం, చుట్టీ మీద, అంటే సెలవు మీద, వచ్చి అక్క ఇంట్లో చేసిన డ్యూటీయే. ఎనభైల్లో సంగతి.

ఆర్డరు హుస్నాబాద్‌లో ఇంటి దగ్గర మా అవ్వ ఇచ్చింది, నన్ను కన్న తల్లి. నేను బూట్లు విప్పకముందే ఇచ్చింది.

"అక్క ఇంట్ల కందిరీగలు వడ్డయట. దాని అత్తను కుట్టినయట. ఆడ మొగోడు లేడు. నువ్వు పో."

"బావ?"

"దుబాయ్‌ల ఉన్నోడు కందిరీగల కోసం వస్తడా? పో."

ఏ ఆఫీసరూ నాకు ఇంత క్లుప్తంగా ఆర్డరు ఇవ్వలేదు.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. కడుపుతో ఉంది, ఐదో నెల నిండుతోంది. బావ ఎండాకాలం చుట్టీకి వచ్చి పోయాడు. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ ఐదో నెలలోనే పోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. అందరి కళ్లూ మాత్రం ఆమె కడుపు మీదే ఉంటాయి.

"వచ్చినవా తమ్మీ," అంది. కాళ్లకు నీళ్లిచ్చింది. "గా అర్రలకు నన్ను అడగక పోవద్దు."

అడిగే ఆ గదిలోకి పోయాను. పెంకుటిల్లు. టేకు దూలాలు, మట్టి గోడలు, ఒకటే కిటికీ. దూలానికి తుట్టె వేలాడుతోంది, చాటంత ఉంది. దాని మీద కందిరీగలు కదులుతున్నాయి. పడమటి గోడకు, నా ఛాతీ ఎత్తులో, ఇంకొకటి ఉంది. నిమ్మకాయంత మట్టి ముద్ద. ఒంటరి కందిరీగ ఒకటి తడిమట్టి తెచ్చి కట్టి, లోపల గుడ్డు పెట్టి, మూతి మూసి వెళ్లిపోయిన గూడు.

మా దిక్కు ఒక నమ్మకం ఉంది. కందిరీగ ఇంటి గోడకు మట్టి గూడు కడితే ఆ ఇంట్లో ఆడమనిషి కడుపు పండుతుందంటారు. కాన్పు అయ్యేదాకా దాన్ని ముట్టరు. అక్క నెల తప్పిన రోజుల్లోనే ఈ గూడు పడింది. అక్క అత్త ఎగిరి గంతేసినంత పని చేసి, ఆ అర్రలో ఏ కందిరీగనూ ఎవరూ ముట్టరాదని హుకుం జారీ చేసింది. మట్టి గూడు కట్టేది మనిషి జోలికి రాదు. కానీ ఆ హుకుం నీడలో కుట్టే జాతి ఒకటి వచ్చి దూలానికి తుట్టె పెట్టింది. మొదట గుప్పెడంత ఉన్నప్పుడు చీపురు కర్రతో పోయేదే. ఎవరూ ముట్టలేదు. వానలు వెనకబట్టేసరికి చాటంతయింది.

అత్తకు ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. అయినా ఆమెది ఒకటే మాట.

"రెండూ ఒక్క కులపోళ్లే గద కొడుకా. ఒకళ్లను తరిమితే ఇంకోళ్లు అలుగరా?"

నవ్వొచ్చింది. అక్క ముఖం చూసి ఆపుకున్నాను.

"తుట్టె తియ్యి తమ్మీ," అంది అక్క. "రేపు అత్తను కుట్టినట్టు నన్ను కుడితే నా గతేంది? గని గా మట్టి గూడుకు పొగ తాకొద్దు. దెబ్బ తాకొద్దు. అండ్ల ఉన్నది సచ్చిపోతే..." కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా.

మట్టి ముద్దకూ కడుపులో బిడ్డకూ ఏం సంబంధమని నేను అడగగలను. చదువుకున్నాను, దేశం తిరిగాను. కానీ మా అక్కను అలా చూసి ఆ ప్రశ్న అడిగేవాడు తమ్ముడు కాడు. సరేనన్నాను.

పక్కింటి గౌడన్న తాళ్లు గీస్తాడు. తాటిచెట్ల మీద కందిరీగలతో అతనికి రోజూ తగువే. "కాగడా వెడితే అయిపాయె," అన్నాడు. కాగడా పనికిరాదు. పైన టేకు కప్పు, కింద అక్క షరతు. ఇద్దరం అరుగు మీద కూర్చుని ప్లాను వేశాం. చలికి కందిరీగలు మొద్దుబారి ఉండే వేళ, తెల్లవారుతుండగా, అతను కప్పెక్కి పెంకలు తీస్తాడు. పై నుంచి గీత కత్తితో తుట్టె మొదలు కోస్తాడు. నేను కింద తడి గోనెసంచి పట్టుకుని నిలబడతాను. ఆడవాళ్లిద్దరూ గౌడన్న ఇంట్లో ఉంటారు. ఇది ఆర్డరు.

తెల్లవారింది. చేన్ల మీద మంచు. కోటు తొడిగాను, టోపీ ముక్కుదాకా లాగాను, దోమతెర తల మీద కప్పుకుని మెడ దగ్గర తాడు బిగించాను. బూట్లు, తొడుగులు వేసుకున్నాను. అత్త నన్ను చూసి దండం పెట్టింది, నాకో దేవుడికో తెలియదు.

పైన పెంకలు కదిలిన చప్పుడు.

"మిల్ట్రీ తమ్మీ, ఇనవడ్తుందా?"

"ఇనవడ్తుంది."

"పెంకలు తీసిన. నా చెయ్యి కనవడ్తుందా?"

"కనవడ్తుంది. జర కుడి దిక్కు."

"సంచి?"

"కింద పట్టిన. కొయ్యి."

తుట్టె ఒక్క ముక్కగా సంచిలో పడింది. బరువు తెలిసింది. లోపల బుస్సుమని లేచాయి. మూతి రెండు చేతులతో మెలిపెట్టాను. అక్కడితో అయిపోవాల్సింది. కానీ పెంకల కింది వాసం పుచ్చి ఉంది. గౌడన్న కాలు కదపగానే విరిగింది.

"తమ్మీ, పెంకలు జారుతున్నయ్! పడమటి గోడ దిక్కు!"

నా చేతుల్లో సంచి. వదిలితే అర్రంతా కందిరీగలే. మొదటి పెంక గోడను రాసుకుంటూ పడింది, మట్టి గూడుకు జానెడు దూరంలో.

తలుపు తెరుచుకుంది. అక్క. ఆర్డరు వినకుండా అరుగు మీదే నిలబడి ఉందట. పరుగెత్తలేదు. నేరుగా గోడ దగ్గరికి పోయి, రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి ఆ మట్టి ముద్దను కప్పింది. పెంక ముక్కలు ఆమె చేతుల మీద పడ్డాయి. సంచిలో పడని కందిరీగలు ఆ చేతుల మీదే వాలాయి.

"అక్కా, బయటకు పో!"

"నువ్వు సంచి ఇడువకు."

విడవలేదు. సంచి మూతికి తాడు బిగిస్తూనే చూశాను. కుడుతున్నాయి. విదిలిస్తే గూడు బయటపడుతుంది, అందుకే ఆమె చెయ్యి విదల్చలేదు. గోడకు దగ్గరగా నోరు పెట్టి "ఏం కాదు, ఏం కాదు" అంటోంది. ఎవరికి చెప్తోందో నాకు తెలుసు. మంచు కొండల మీద కూడా నేను అంత భయపడలేదు.

సంచిని బయట నీళ్ల గోలెంలో ముంచి పైన రాయి పెట్టాను. నా కోటు అక్క మీద కప్పి బయటికి తెచ్చాను. ఉట్నూర్ నుంచి వచ్చే జీపు ఆపి ఖానాపూర్ దవాఖానకు తీసుకుపోయాం. దారిలోనే ఆమె చేతులు రొట్టెల్లా పొంగాయి. గాజులు మణికట్టులోకి దిగిపోతున్నాయి. నర్సమ్మ వాటిని పగలగొడతానంది. కొడుకు దేశం కాని దేశంలో ఉండగా కోడలి గాజులు పగలడానికి అత్త ఒప్పుకోలేదు. సబ్బు నురుగు చేసి, ఒంటి కన్నుతో, ఒక్కొక్క గాజూ తనే తీసింది. తీస్తున్నంతసేపూ ఏడ్చింది. "నేనే గద ముట్టొద్దన్నది, నేనే గద."

"నువ్వు మంచికే అంటివి అత్తా," అంది అక్క.

సూది మందు ఇచ్చాక నర్సమ్మ చెక్క గొట్టం అక్క కడుపు మీద పెట్టి చెవి ఆనించింది. జరిపింది. మళ్లీ ఆనించింది.

"ఉన్నది," అంది. "మంచిగ కొట్టుకుంటున్నది."

నేను బయటికి వచ్చి జీపు వెనకాల నిలబడి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

చుట్టీ అయిపోయింది, కొండల మీదికి తిరిగి పోయాను. బిడ్డ పుట్టిన కబురు మంచు ఎత్తిపోస్తుండగా అందింది. ఆడపిల్ల. ఆ రోజు మా సెక్షను మొత్తానికి నా బెల్లం టీ.

మళ్లీ దసరాకు వచ్చాను. అదే బస్సు, అదే రెండు మైళ్లు. ఇంటికి సున్నం వేస్తున్నారు. మేనకోడలు నా భుజం మీద. సున్నం మనిషి పడమటి గోడ దగ్గరికి వచ్చి ఆగాడు. మట్టి గూడుకు చిన్న రంధ్రం పడి ఉంది. లోపలిది పెరిగి, తొలుచుకుని, ఎప్పుడో ఎగిరిపోయింది.

"ఖాళీదే గదక్కా. గీకేస్త," అన్నాడు.

అక్క పోయి గూడు మీద రెండు అరచేతులూ పెట్టింది, అప్పటిలాగే.

"నా చేతులు ఇడిసి చుట్టూ వెయ్యి."

అతను చుట్టూ వేశాడు. అక్క చేతులు తీసింది. తెల్లటి గోడ మీద మట్టి రంగులో రెండు అరచేతులు మిగిలాయి, మధ్యలో ఆ గూడు. పాప నా భుజం మీంచి వంగి, ఇంకా ఆరని గోడకు తన చెయ్యి ఆనించింది.

ఇప్పుడు ఎవరైనా బార్డర్ గురించి అడిగితే నాకు ముందు కనబడేది ఆ గోడే.